మాటల పెట్టె: బతిమాలడం నుంచి మెడలు వంచడం దాకా

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో నడిచాయి. ఎదుటివాళ్ల చేత, వాళ్లకు ఇష్టమున్నా లేకపోయినా, ఒక పని చేయించడానికి తెలుగులో ఉన్న మాటలు ఏవి, ఏది ఎక్కడ వాడాలి అని. అడిగినవాళ్లలో పత్రికల్లో వార్తలు దిద్దేవాళ్లు, అనువాదకులు, దస్తావేజు లేఖకులు, ఫిర్యాదు రాసుకోవడానికి తంటాలు పడుతున్నవాళ్లు ఉన్నారు. మామూలు సందేహాలు పక్కన పెట్టి ఈసారి వీటికే చోటిచ్చాం.

ప్ర: ‘బలవంతం చేశారు’, ‘బలవంతపెట్టారు’, ‘బలవంతంగా చేయించారు’ మూడూ ఒకటేనా? వార్త దిద్దేటప్పుడు ఏది పడితే అది వాడేస్తున్నాం.

జ: మొదటి రెండూ దాదాపు ఒకటే. మూడోది పూర్తిగా వేరు. ‘ఇంకో రెండ్రోజులు ఉండమని బలవంతం చేశారు’ అంటే ఉండాలో వెళ్లాలో తేల్చుకోవడం ఇంకా ఆ వచ్చినవాడి చేతిలోనే ఉంది. వాళ్లు గట్టిగా అడిగారు, ప్రేమతోనే అడిగి ఉండవచ్చు. ఆ వాక్యం వెనకాల ‘అయినా వెళ్లిపోయాడు’ అని చేర్చినా ఇబ్బంది లేదు. అదే ‘బలవంతంగా ఉంచేశారు’ అన్నాక ‘అయినా వెళ్లిపోయాడు’ అని చేర్చి చూడండి, అతకదు. అక్కడ పని అయిపోయింది, ఇష్టాయిష్టాలు అడిగే ఘట్టం దాటిపోయింది.

ఈ ‘అయినా’ పరీక్ష ఈ మాటలన్నిటికీ పనికొస్తుంది. బతిమాలారు, బలవంతపెట్టారు, ఒత్తిడి తెచ్చారు, వేధించారు, బెదిరించారు: వీటన్నిటి తర్వాతా ‘అయినా ఒప్పుకోలేదు’ అనవచ్చు. అంటే ఇవి ప్రయత్నాన్ని చెప్పే మాటలు. ఒప్పించారు, లొంగదీశారు, దారికి తెచ్చారు, మెడలు వంచారు, రాయించుకున్నారు: వీటి తర్వాత అలా అనలేం. ఇవి ఫలితాన్ని చెప్పేవి. గమనించారా, మాట మెత్తనా కటువా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. బెదిరించడం ఎంత కటువైనా ప్రయత్నమే. ఒప్పించడం ఎంత మెత్తనైనా ఫలితమే.

వార్తలో ఎడం ఇక్కడే వస్తుంది. ఫిర్యాదులో ‘సంతకం చేయమని నా మీద పడ్డారు’ అని ఉంటే, మీరు ‘బలవంతంగా సంతకం చేయించారు’ అని రాస్తే, జరగని సంతకం జరిగిందని అచ్చేసినట్టే. ‘సంతకం చేయమని బలవంతపెట్టారని ఫిర్యాదు’ అని ఆగండి.

ఇంకొక చిక్కు. ‘బలవంతంగా’ ఎవరికి అంటుకుంటుందో కొన్నిసార్లు తెలియదు. ‘బలవంతంగా నవ్వాడు’ అంటే తన్ను తాను బలవంతపెట్టుకున్నాడు, పక్కన ఎవరూ లేరు. ‘బలవంతంగా ఒప్పుకున్నాడు’ దగ్గర మాత్రం ఎవరో ఒప్పించారా, మనసొప్పక తానే తలూపాడా అన్నది తేలదు. రెండోదే మీ ఉద్దేశమైతే ‘అయిష్టంగా’, ‘విధిలేక’, ‘మనసు చంపుకొని’ అనే మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇష్టం లేకపోయినా కాదనలేక మోసే పనికి ‘బలవంతపు బ్రాహ్మణార్థం’ అన్న నానుడి ఉండనే ఉంది.

ప్ర: ఒత్తిడా, వత్తిడా? ‘అధికారి ఒత్తిడికి గురయ్యారు’ అన్న శీర్షిక మీద మా డెస్క్‌లో గొడవ జరిగింది.

జ: ‘ఒత్తు’ నుంచి వచ్చింది కాబట్టి ఒత్తిడి. ‘వత్తిడి’ పలుకుబడిని బట్టి వచ్చిన రాత, మాట్లాడేటప్పుడు సరే, అచ్చులో వద్దు.

శీర్షిక మీద గొడవపడటం న్యాయమే. భౌతిక శాస్త్రానికి పీడనం, రక్తానికి పోటు అని విడివిడి మాటలు దొరికాయిగానీ, మనిషికి వచ్చేసరికి రెండు వేర్వేరు సంగతులకు ఒక్క ‘ఒత్తిడే’ గతి అయింది. లోపల నలిగిపోవడం ఒకటి, బయటినుంచి ఎవరో నొక్కడం ఒకటి. ‘ఒత్తిడికి గురయ్యారు’ అనగానే ఈ రోజుల్లో పాఠకుడికి మొదట తోచేది లోపలిది: పనిభారం, నిద్రలేమి, డాక్టరు. బయటిది చెప్పదలిస్తే నొక్కినవాళ్లు వాక్యంలో కనపడాలి, నొక్కించుకున్నవాళ్లకు ‘మీద’ గానీ ‘పై’ గానీ పడాలి. ‘ఫైలు కదపమని అధికారిపై ఒత్తిడి తెచ్చారు’ అంటే సందేహం లేదు. ఆయన ఒప్పుకుంటే ‘ఒత్తిడికి తలొగ్గారు’.

‘ఒత్తిడి పెట్టారు’ అని ఈమధ్య కనిపిస్తోంది. ‘ప్రెషర్ పెట్టారు’ అన్న మాటకు అది నీడ. ఒత్తిడి తేవడం, ఒత్తిడి చేయడం మన నుడి.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. పత్రికల్లో ఒత్తిడి అనేది ముసుగు మాట అయిపోయింది. ‘చంపేస్తామని ఒత్తిడి తెచ్చారు’ అని కూడా అచ్చవుతోంది. చంపేస్తామనడం బెదిరింపు. పదే పదే ఫోన్ చేసి ‘మావాడి సంగతి చూడండి’ అనడం ఒత్తిడి. రెండోదానికి మొదటి మాట వాడితే పరువునష్టం. మొదటిదానికి రెండో మాట వాడితే నేరాన్ని చిన్నబుచ్చినట్టు.

ప్ర: ‘నేను బలవంతం చేయబడ్డాను’ తప్పా?

జ: వ్యాకరణం ఒప్పుకోవచ్చు, చెవి ఒప్పుకోదు. చేసినవాడి పేరు చెప్పకుండా వాక్యం నడపడానికి తెలుగుకు కర్మణి ప్రయోగం అక్కర్లేదు, ‘నన్ను బలవంతపెట్టారు’ అంటే సరిపోతుంది. కర్త లేకపోయినా క్రియ చివర ‘రు’ ఆ పని చూసుకుంటుంది.

దీనికంటే జాగ్రత్తగా చూడాల్సినవి ‘చేయాల్సి వచ్చింది’, ‘చేయక తప్పలేదు’ లాంటివి. వీటిలో బలవంతం మిగులుతుంది, బలవంతపెట్టినవాడు మాయమవుతాడు. ‘ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది’ అంటే కరువు తరిమిందో మనిషి తరిమాడో తెలియదు. కథలో ఆ మసక అందం. అర్జీలో అదే కొంప ముంచుతుంది.

‘చేయించు’ గురించి కూడా ఒక మాట. ‘ఇంచు’ చేరినంత మాత్రాన బలవంతం రాదు. మేస్త్రీ చేత గోడ కట్టించినా కట్టించడమే, మెడ మీద కత్తి పెట్టి కాగితం రాయించినా రాయించడమే. బలం సంగతి వేరే మాటతో చెప్పాలి. పైగా ‘ఆయనతో సంతకం చేయించారు’ అంటే ఆయనతోపాటు ఇంకెవరి చేతనో చేయించారన్న అర్థం కూడా తొంగిచూస్తుంది. ‘ఆయన చేత’ అనండి, పేచీ లేదు.

ప్ర: అనువాదంలో ఫోర్స్, కంపెల్, కోయెర్స్, ప్రెషర్, ఇంటిమిడేట్ వరసగా వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో తెలుగు మాట ఖాయం చేసుకోవచ్చా?

జ: వద్దండీ. చట్టం అనువదిస్తుంటే తప్ప అలాంటి జాబితా నాలుగో పేజీలోనే మిమ్మల్ని ఇరికిస్తుంది. ఆ సన్నివేశంలో వాడిన సాధనం ఏమిటో చూడండి, తెలుగు మాటలు సాధనాన్ని బట్టి విడిపోతాయి. సామ దాన భేద దండాలన్న పాత లెక్క ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది.

మాటలే సాధనమైతే నచ్చజెప్పడం, బుజ్జగించడం, బతిమాలడం, బామాలడం, కాళ్లావేళ్లా పడటం. నచ్చజెప్పేవాడి దగ్గర కారణాలుంటాయి, బతిమాలేవాడి దగ్గర అవసరం ఒక్కటే ఉంటుంది. ఆశ సాధనమైతే ఎర వేయడం, ఆశపెట్టడం, ప్రలోభపెట్టడం. మనుషుల మధ్య చీలిక సాధనమైతే పుల్లలు పెట్టడం, చెవి కొరకడం. భయమో దెబ్బో సాధనమైతే బెదిరించడం, దౌర్జన్యం చేయడం, జులుం చేయడం, జబర్దస్తీ. ‘జబర్దస్తీ’ పారసీ మాట, పైచేయి అని దాని మొదటి అర్థం. తెలంగాణలో రోజువారీ మాట కాబట్టి అక్కడి పాత్రల నోట ‘బలవంతంగా’ కంటే అదే సహజం.

ఈ నాలుగింటికీ మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపి ఏడు ఉపాయాలని చెప్పడం కూడా ఉంది. ఉపేక్ష గురించి అనువాదకులు మర్చిపోతుంటారు. మాట్లాడటం మానేసి, అలిగి కూర్చుని, ఎదుటివాళ్లు తమంతట తాము దిగివచ్చేలా చేయడం చాలా బలమైన ఒత్తిడి. మూలంలో అలాంటి చోట ‘ఒత్తిడి’ అని రాస్తే పేలవంగా ఉంటుంది. ‘అలిగి సాధించుకుంది’ అంటే మొత్తం బొమ్మ కళ్లముందు నిలుస్తుంది.

ఈ లెక్కకు లొంగనిది ఒకే ఒక్క గుంపు, విసిగించి చేయించుకునే రకం. పోరు పెట్టడం, నస పెట్టడం, సతాయించడం, వెంటపడటం, ప్రాణం తోడేయడం. ఇక్కడ భయమూ లేదు, ఆశా లేదు. ఒప్పుకుంటే తప్ప ఈ బాధ వదలదన్న అలసటే సాధనం. పిల్లలైతే మారాం, మంకుపట్టు. మారాం ఎంతసేపు చేసినా పెద్దవాళ్లకు ఆ మాట వాడకండి, వెక్కిరింత అవుతుంది.

మాట్లాడే తెలుగులో ‘ఫోర్స్ చేయకు’ అనేది ‘బలవంతపెట్టకు’ కంటే మెత్తన. ఆంగ్ల మూలంలో ఫోర్స్ బరువైన మాట, మన సంభాషణలో తేలిక మాట. ఒకే ధ్వని చూసి మోసపోయే చోటు ఇది.

ప్ర: బెదిరించడం, దబాయించడం, గద్దించడం, గదమాయించడం. తేడా చెప్పగలరా?

జ: బెదిరింపులో ‘లేకపోతే’ ఉంటుంది, పైకి అనకపోయినా. ముందు జరగబోయే కీడును చూపించి ఇప్పుడు పని చేయించుకోవడం. దబాయింపులో షరతేమీ లేదు, గొంతు పెంచడమే. తప్పు తనవైపు పెట్టుకుని ఎదుటివాడి నోరు మూయించడానికే ఎక్కువగా వాడతారు. గద్దించడం జరిగిపోయిన తప్పు మీద. గదమాయించడం చిన్న అధికారం ఉన్నవాళ్లు కిందివాళ్ల మీద చేసే పని.

ప్ర: మెడ, పీక, గొంతు, ముక్కు, నెత్తి. బలవంతానికి ఒళ్లంతా వాడేశాం. ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

జ: వాడకూడదు, ఒక్కోదానికి దాని హద్దు ఉంది. ముక్కు పిండడం వసూలుకే: రావాల్సిన బాకీ, పన్ను, జరిమానా. ‘ముక్కు పిండి ఒప్పించారు’ అనం. మెడలు వంచడం బలవంతుడి మీద జరగాలి. ప్రభుత్వం మెడలు వంచారు అంటే బాగుంటుంది. పాపం ఏ దిక్కూ లేనివాడి మెడలు వంచారంటే మాట వృథా, అతను ముందే వంగి ఉన్నాడు. గొంతు మీద కత్తి పెట్టడం అప్పటికప్పుడు తేల్చమనడం. మెడ మీద కత్తి వేలాడటం మాత్రం ఎప్పుడో పడబోయే ప్రమాదం, అందులో అడిగేవాడు లేడు. నెత్తిన రుద్దడం నిబంధనకో, భాషకో, అభిప్రాయానికో వాడతాం. అంటగట్టడం వస్తువుకూ నిందకూ. అడగని సరుకు అంటగడతారు, చేయని తప్పు అంటగడతారు.

జుట్టు సంగతి వేరు. ‘వాడి జుట్టు వీడి చేతిలో ఉంది’ అంటే ఇంకా ఏమీ చేయలేదు, చేయగలడని ఇద్దరికీ తెలుసు. ఎదుటివాడి బలహీనత చిక్కించుకున్న స్థితికి ఇంతకంటే పొట్టి మాట లేదు. ‘అందితే జుట్టు, అందకపోతే కాళ్లు’ అన్న సామెత బలవంతం, బతిమాలడం రెండూ ఒకే మనిషి దగ్గర ఎలా కాపురం చేస్తాయో చెబుతుంది.

ప్ర: పాత దస్తావేజులో ‘బలాత్కారముగా స్వాధీనపరచుకొనెను’ అని ఉంది. మా పిల్లలు కంగారు పడ్డారు.

జ: కంగారు అక్కర్లేదు. బలాత్కారం అంటే బలంతో చేయడం. భూమి విషయంలో జబరుదస్తీగా ఆక్రమించాడని అర్థం. ఈ మాటా, ‘అత్యాచారం’ కూడా ఇటీవలి కాలంలో లైంగిక నేరానికే పరిమితమైపోయాయి. అందువల్ల పాత కాగితానికి నేటి తెలుగులో అర్థం రాసేటప్పుడు ‘బలప్రయోగంతో’, ‘దౌర్జన్యంగా’ అని మార్చండి. కొత్త రాతలో పాత అర్థంతో మాత్రం వాడకండి.

ప్ర: మా బంధువు ఒకరు మా చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ‘తీవ్ర ఒత్తిడికి గురిచేసి, మానసికంగా హింసించి బలవంతంగా సంతకాలు తీసుకున్నారు’ అని ఫిర్యాదు రాస్తే, ఇందులో ఏమీ లేదన్నారు. ఏం తక్కువైంది?

జ: మీ వాక్యంలో మూడు పెద్ద మాటలున్నాయి, ఒక్క సంఘటన లేదు. ఒత్తిడి, హింస, బలవంతం అనేవి చదివినవాళ్లు తేల్చుకోవాల్సినవి. మీరు ఇవ్వాల్సింది ఆ తీర్పుకు దారితీసే ముక్కలు.

పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపు. దానికి రెండు అంగాలు కావాలి. ఒకటి, మీ శరీరానికో, పరువుకో, ఆస్తికో, లేదా మీకు కావలసినవాళ్ల శరీరానికో, పరువుకో హాని చేస్తాననడం. రెండు, మిమ్మల్ని భయపెట్టాలనో, చట్టప్రకారం మీరు చేయనక్కర్లేని పని చేయించాలనో, చేసే హక్కున్న పని మాన్పించాలనో ఉద్దేశం ఉండటం. మీరు లొంగారా లేదా అన్నది ఇక్కడ అనవసరం, బెదిరించడంతోనే నేరం పూర్తవుతుంది. 308వ సెక్షన్ భయపెట్టి రాబట్టుకోవడం గురించి. హాని జరుగుతుందన్న భయంలో పడేసి, దురుద్దేశంతో డబ్బుగానీ ఆస్తిగానీ, తర్వాత విలువైన పత్రంగా మార్చుకోగల సంతకం చేసిన కాగితంగానీ ఇచ్చేలా చేస్తే అది నిండుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం కూడా దీని కిందికి రావచ్చు. ఇవ్వడం దాకా పోకపోతే, దాన్ని ఉద్దేశించి భయపెట్టినందుకు అదే సెక్షన్‌లో వేరే ఉపవిభాగం ఉంది. పైన మొదటి జవాబులో చెప్పిన ప్రయత్నం, ఫలితం అన్న తేడానే చట్టం కూడా పాటిస్తోంది.

కాబట్టి మీ వాక్యం ఇలా మారాలి: ‘మార్చి 4వ తేదీ రాత్రి 8 గంటల ప్రాంతంలో ఆయన మా వరండాలో, మా చెల్లెలు వింటుండగా, “రేపటికల్లా సంతకం పడకపోతే నీ కొడుకు కాలేజీ నుంచి ఇంటికి రాడు” అన్నాడు. ఆ భయంతో మర్నాడు ఉదయం నేను రెండు ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకం చేసి ఆయన చేతికిచ్చాను.’ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నాడు, ఏం అడిగాడు, మీరేం చేశారు. ఈ ఆరూ ఉంటే ‘మానసిక హింస’ అన్న మాట రాయకపోయినా నష్టం లేదు.

ఆయన అన్న మాటను ఆయన యాసలోనే, ఏకవచనం ఉంటే ఏకవచనంలోనే, బూతు ఉంటే బూతుతోనే రాయండి. చాలామంది ఇక్కడ మర్యాదకు పోయి ‘ప్రాణహాని తలపెడతానని హెచ్చరించారు’ అని శుభ్రం చేస్తారు. అలా శుభ్రం చేసిన మాట రేపు సాక్షి చెప్పే మాటతో కలవదు. మాట గుర్తులేకపోతే కల్పించవద్దు, ‘ఈ అర్థం వచ్చేలా అన్నాడు’ అని రాయండి. సంతకం పెట్టిన కాగితాలెన్ని, వాటిమీద అప్పటికే ఏమైనా రాసి ఉందా అన్నది విడిగా ఒక వాక్యంలో పెట్టండి. ఫోన్ సందేశాలుంటే చెరపకుండా ఫోన్‌లోనే ఉంచండి.

‘కోర్టుకు వెళ్తాను’ అని ఆయన అన్నది మాత్రమే మీ దగ్గరుంటే అది బెదిరింపు లెక్కలోకి రాదు. ఉన్న హక్కు కోసం దావా వేస్తాననడం తప్పు కాదు. తప్పుడు క్రిమినల్ కేసు పెట్టిస్తాననడం వేరే సంగతి.

ప్ర: ‘సంతకం చేయకపోతే నేను చచ్చిపోతా’ అని ఇంట్లోవాళ్లే అంటే? దాన్ని బలవంతం అనొచ్చా?

జ: ఇది మద్రాసు హైకోర్టు ముందుకు వెళ్లిన ప్రశ్నే. 1917 నాటి చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ కేసులో ఒక భర్త ఆత్మహత్య చేసుకుంటానని భయపెట్టి, భార్య చేతా కొడుకు చేతా తన సోదరుడికి అనుకూలంగా హక్కు విడుదల పత్రం రాయించాడు. అది బలవంతమేనని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు, ఒకరు ఒప్పుకోలేదు. చిక్కు ఎక్కడంటే, 1872 కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ప్రకారం బలవంతం అనిపించుకోవాలంటే శిక్షాస్మృతి నిషేధించిన పని చేయాలి, లేదా చేస్తానని బెదిరించాలి. లేదా ఎవరి ఆస్తినైనా అక్రమంగా ఆపి పెట్టాలి, ఆపుతానని బెదిరించాలి. చనిపోయినవాణ్ని శిక్షించలేం కదా, మరి ఆత్మహత్య నిషేధించిన పని అవుతుందా అన్నదే వాదన. శిక్షించడం కుదరకపోయినా నిషేధం నిషేధమేనన్నది మెజారిటీ మాట.

దానికి ముందు 1889లో రంగనాయకమ్మ, ఆల్వార్ శెట్టి కేసు ఇంకా ఘోరం. భర్త పోయిన 13 ఏళ్ల పిల్ల. ఆమె ఒక అబ్బాయిని దత్తత తీసుకుంటే తప్ప శవాన్ని కదలనివ్వమని బంధువులు అడ్డుపడ్డారు. ఆ దత్తత ఆమెను కట్టిపడేయదని కోర్టు చెప్పింది.

ఇందులో మాట విషయం ఒకటుంది. బలవంతపు ఒప్పందాన్ని పత్రికలు ‘చెల్లదు’ అని రాస్తాయి. చట్టం అలా అనదు. బలవంతానికి గురైనవాళ్లు కోరితే రద్దవుతుంది, కోరేదాకా నిలిచే ఉంటుంది. ‘రద్దు చేయించుకోదగినది’ అన్న పొడుగు మాట వాడక తప్పదు. ఆ తేడా తెలియక, ఎలాగూ చెల్లదులే అని ఊరుకున్నవాళ్లు నష్టపోతారు. పత్రం రద్దు కోరే దావాకు గడువు, దానికి కారణమైన సంగతులు తెలిసినప్పటి నుంచి మూడేళ్లు.

ప్ర: దస్తావేజుల్లో ‘ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్తిగా, స్థిరబుద్ధితో’ అని రాస్తాం. ఇది రాస్తే రక్షణేనా? ప్రోద్బలం అంటే ఏమిటి?

జ: ప్రోద్బలం అంటే వెనకనుంచి ఎగదోయడం, ప్రేరణ. బలవంతం ఎదుటినుంచి, ప్రోద్బలం వెనకనుంచి. రెండూ రాయడంలో అర్థముంది, కానీ కాగితం మీద ఆ వాక్యం ఉన్నంత మాత్రాన బలవంతం జరగలేదని రుజువు కాదు. బలవంతంగా రాయించుకునేవాడు ఆ వాక్యం మర్చిపోడు కదా. ముసలితనంలో, జబ్బులో ఒకరి మీద ఆధారపడ్డవాళ్ల చేత ఆ ఒకరే రాయించుకుంటే, ఒప్పందం కూడా అన్యాయంగా కనిపిస్తే, అది సవ్యంగానే జరిగిందని నిరూపించుకోవాల్సిన బరువు రాయించుకున్నవాళ్ల మీదే పడుతుంది. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ దీన్ని బలవంతం నుంచి విడదీసి చెబుతుంది. తెలుగులో ‘అనుచిత ప్రభావం’ అంటున్నారు. మాట గంభీరంగా ఉందిగానీ ఇంతకంటే మంచిది దొరకలేదు.

ప్ర: ఉద్యోగం మానేసేలా చేసి, కాగితం మీద మాత్రం నేనే మానేసినట్టు రాయించారు. దీన్ని ఒక్క మాటలో ఏమంటారు?

జ: పొమ్మనలేక పొగబెట్టడం. అధికారిక ఉత్తరంలో ఈ సామెత రాయలేం కాబట్టి ‘రాజీనామా చేయించారు’ అనండి, ‘రాజీనామా చేయాల్సి వచ్చింది’ అనవద్దు. ఆ పొగ ఏమిటో వరసగా తేదీలతో రాయండి: పని తీసేశారు, జీతం తగ్గించారు, దూరం బదిలీ చేశారు, చివరికి ఫలానా రోజు ఫలానావారు కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు.

ప్ర: వెట్టి అంటే జీతం లేని పనేనా?

జ: అదొక్కటే కాదు. కూలి ఇవ్వకపోవడం కంటే, కాదనే వీలు లేకపోవడం దానిలో ప్రధానం. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టినీ, అలాంటి బలవంతపు చాకిరీనీ నిషేధించింది. అప్పు కింద కట్టుబడి చేసే చాకిరీకి 1976లో విడిగా చట్టం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఆకలి, పేదరికం వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా బలవంతపు చాకిరీయేనంది. కొట్టేవాడు ఎదురుగా లేకపోయినా బలవంతం ఉంటుందని చట్టభాష ఒప్పుకున్న సందర్భం అది.

ప్ర: ఉసిగొల్పడం, పురిగొల్పడం, ఎగదోయడం ఒకటేనా?

జ: ఉసిగొల్పడంలో ముగ్గురుండాలి: అనేవాడు, దూకేవాడు, దెబ్బ తినేవాడు. కుక్కను ‘ఉస్కో’ అనడం గుర్తు తెచ్చుకోండి. పురిగొల్పడానికి మూడోవాడు అక్కర్లేదు, ఆత్మహత్యకు పురిగొల్పడం అన్న వాడుక అందుకే కుదిరింది. ఎగదోయడం అప్పటికే రాజుకున్నదాన్ని పెంచడం. వీటిలో దేనికీ బలవంతం అన్న పేరు పెట్టకండి. ఇక్కడ చేసేవాడు ఇష్టపడే చేస్తాడు, ఆ ఇష్టాన్ని పుట్టించడమో పెంచడమో చేసిందే రెండోవాడు. అన్నట్టు, పత్రికల ‘బలవన్మరణం’ ఆత్మహత్యకు మర్యాద పేరు, ఎవరో బలవంతపెట్టారని కాదు.

ప్ర: ధర్నా మొదటినుంచీ నిరసనేనా?

జ: కాదు. బాకీ రావాల్సినవాడు బాకీదారు గుమ్మం ముందు కదలకుండా కూర్చుని, తనకేమైనా అయితే ఆ పాపం నీదే అన్న భయం పెట్టడం పాత ధర్నా. 1860 శిక్షాస్మృతి 508వ సెక్షన్ దైవాగ్రహం చూపి భయపెట్టడం గురించి చెబుతూ, మొదటి ఉదాహరణగా గుమ్మం ముందు ధర్నా కూర్చోవడాన్నే ఇచ్చింది. ఇప్పుడు దేవుడు తప్పుకుని, దాని స్థానంలోకి కెమెరా వచ్చింది.

ప్ర: మొహమాటపెట్టి పనులు చేయించుకునేవాళ్లకు కాదని చెప్పాలంటే ఏ మాట వాడాలి? ‘కుదరదండీ’ అంటే వదలడం లేదు.

జ: ‘కుదరదు’ వల్లే వదలడం లేదు. ఆ మాట అడ్డంకిని మీ మీద కాకుండా పరిస్థితి మీద పెడుతుంది. అప్పుడు ఎదుటివాళ్లు పరిస్థితిని సర్దడానికి దిగుతారు: ఆదివారం కుదరకపోతే సోమవారం, మీకు తీరిక లేకపోతే మీ అబ్బాయిని పంపండి. ‘నా వల్ల కాదు’ అంటే ‘మీ వల్ల కాకపోతే ఇంకెవరి వల్ల అవుతుంది’ అని పొగడ్త మొదలవుతుంది. ‘చూద్దాం’, ‘ఆలోచించి చెబుతా’ అనేవి మన దగ్గర ఒప్పుకున్నట్టే లెక్క.

‘నేను చేయనండీ’ అనండి. ‘అండీ’ మర్యాద చూసుకుంటుంది, ‘చేయను’ పని ముగిస్తుంది. కారణం చెప్పకండి, చెప్పిన ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర పరిష్కారం ఉంటుంది. మళ్లీ అడిగితే కొత్త వాక్యం వెతక్కుండా అదే వాక్యం అదే గొంతుతో అనండి. నలుగురిలో అడిగితే అక్కడ తేల్చకండి, ‘దీని గురించి విడిగా మాట్లాడదాం’ అని, విడిగా ‘చేయను’ అనండి. మొహమాటం పెట్టేవాళ్లకు ఆ నలుగురే బలం.

ప్ర: బ్లాక్‌మెయిల్‌కు తెలుగు మాట? తపాలాతో సంబంధం ఉందా?

జ: తపాలాతో సంబంధం లేదు. అందులోని మెయిల్ స్కాట్లాండ్ ప్రాంతపు పాత మాట, కప్పం, శిస్తు అని అర్థం. తెలుగులో ఒక్క ముక్కలో సరిపోయేది లేదు. ‘గుట్టు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజాడు’ అని విడమర్చి రాస్తే బెదిరింపూ తెలుస్తుంది, గుంజడం అయిందో లేదో కూడా తెలుస్తుంది. శీర్షికలో చోటు లేకపోతే బ్లాక్‌మెయిల్ అనే రాసేయండి, అది తెలుగు మాట అయిపోయి చాలా కాలమైంది.